ఫోఫీ అవ్వకు మనిషి కావాలి

కుమాసి ఊరి పెద్ద బజారులో కొనాడు అనే ఆవిడకు గుడ్డల కొట్టుంది. ఉందన్న మాటే గానీ తల్లి ఫోఫీ అవ్వకు కాళ్లు పడిపోయినప్పటి నుంచి తాళం తీసింది లేదు. ఎత్తి కూర్చోబెట్టడం, నీళ్లు పోయడం, పక్క మార్చడం, గంజి పట్టడం అన్నీ కూతురు కొనాడే. ఈ నెలలో తెరవకపోతే కొట్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని బజారు మీద పెత్తనం చేసే పెద్దమ్మ కబురు పంపింది. కొట్టు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని ఇంటికొచ్చి ముసలివాళ్లను చూసుకునే మనుషుల్ని పంపే సంస్థలు రెండింటిని పిలిచింది.

ఆ సంగతి ఎవరు మోశారో గానీ మేనమామ జ్యాసి ఊడిపడ్డాడు. వంశానికి పెద్ద ఆయనే. అక్క మంచాన పడ్డాక ఒక్క నారింజపండు తెచ్చిన పాపాన పోలేదు.

"మన రక్తాన్ని పరాయిదాని చేతుల్లో పెడతావా? నేను నలుగురిలో తలెత్తుకోవద్దా?" అన్నాడు.

"అయితే మీరే ఉండి చూసుకోండి మామయ్యా. మంచం వేయిస్తా."

ఆయనకు వెంటనే నడుం నొప్పి గుర్తొచ్చింది. అందరం కూర్చుని తేలుద్దాం, శనివారం పెట్టుకుందాం అని లేచాడు. పెద్దలు ఎండలో కూర్చోరని చెప్పి పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు కూడా పురమాయించాడు. ఎనిమిదిమంది మాట్లాడుకోడానికి మైకెందుకో కొనాడు అడగలేదు. అడిగితే ఇంకో గంట ఉపన్యాసం వినాలి.

శనివారమంటే ఆ ఊళ్లో చావుల రోజు, ఎవరు పోయినా దినాలు ఆ రోజే పెట్టుకుంటారు. చుట్టాలందరికీ మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట దినం ఉంది కాబట్టి చావుకు కట్టే నల్లబట్టలూ ఎర్రబట్టలూ కట్టుకునే వచ్చారు, మళ్లీ ఇంటికెళ్లి మార్చుకోవడం ఎందుకని.

మొదటి సంస్థ నుంచి సూటు వేసుకున్నాయన వచ్చాడు. ముందు కళ్లు మూసుకుని పొడుగాటి ప్రార్థన చేశాడు. ఆ తర్వాత తెల్లబట్టల్లో నవ్వుతున్న తమ పనమ్మాయిల ఫొటోలు పంచాడు. చుట్టాలు మురిసిపోయారు. యూనిఫాం ఇస్త్రీ చేసి ఉంటుందా, ఇంగ్లీషు వస్తుందా, ఎవరైనా అడిగితే మా మేనకోడలినని చెప్తుందా అని అడిగారు. అవ్వను ఎలా ఎత్తుతారని ఒక్కరూ అడగలేదు. రెండో సంస్థ నడిపే మెన్సిమా సముద్రం వైపు మనిషి, ఫాంటీ తెగ ఆవిడ. ఫాంటీ వాళ్లకు నోరూ తిండీ ఎక్కువని జ్యాసి ఆమె ముందే అన్నాడు. ఆమె విసనకర్రతో విసురుకుంటూ, అవ్వను ఒకసారి చూడనిస్తారా అంది. అది తర్వాత చూద్దామన్నారు.

అంతలో వీధిలో పోతున్నవాళ్లు పందిరిని చూశారు, నల్లబట్టలు చూశారు. ఫోఫీ అవ్వ పోయిందట అన్నారు. అంతే, పొరుగింటి ఆడవాళ్లు తలమీద చేతులు పెట్టుకుని శోకాలు తీస్తూ వచ్చిపడ్డారు. వెనకే ఒకాయన చావింటికి తెచ్చే సారా సీసా పట్టుకొచ్చి జ్యాసి చేతిలో పెట్టాడు.

కాదని ఒక్క ముక్క చెప్పేస్తే సరిపోయేది. కానీ ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో మైకు, ఎదురుగా ఏడుస్తున్న జనం. ఆ మనిషి అలాంటి అవకాశం వదులుకునే రకమా? "మా అక్క మహాతల్లి. నన్ను వీపున మోసి పెంచింది" అని ఎత్తుకున్నాడు. నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. చుట్టాలు ఇంకా గట్టిగా అందుకున్నారు. కొనాడుకు ఒళ్లు మండిపోయింది. ఇంత ఏడుపు దాచుకున్నవాళ్లు, ఒక్కపూట వచ్చి గంజి పట్టి ఉంటే తను కొట్టు తెరుచుకునేది కాదూ! విసవిసా లోపలికెళ్లి, తల్లిని చక్రాల కుర్చీలో గడప దాకా తోసుకొచ్చింది.

మైకు కుయ్యిమంది. సీసా తెచ్చినాయన జ్యాసి చేతిలో ఉన్న తన సీసా వంక చూసుకున్నాడు.

"ఆగావేం తమ్ముడూ, బాగా చెప్తున్నావుగా" అంది ఫోఫీ అవ్వ. "నడుం పట్టేసింది నాకు. నన్నెత్తి పందిట్లో ఉన్న ఆ బల్లమీద పడుకోబెట్టండి. అక్కడ పడుకుని వింటా."

ఎవరూ కదల్లేదు. జ్యాసి తన నడుం మీద చెయ్యేసుకున్నాడు. సూటాయన తాను ఆఫీసు పనే చూస్తానని గొణిగాడు. కొనాడు ఒక పక్క వంగింది. మెన్సిమా విసనకర్ర కింద పడేసి రెండో పక్కకు వచ్చింది. ఇద్దరూ ఎత్తి పడుకోబెట్టారు.

అవ్వ మెన్సిమాను కిందనుంచి పైదాకా చూసింది.

"అందరూ ఏడిచారు. నువ్వెందుకు ఏడవలేదే?"

"మీరు పోలేదు కదమ్మా. పోయినా నాకు ఏడుపు రాదు. చేతకాదు."

"సోమవారం నుంచి రా" అంది అవ్వ.