ఉడుము వీరుణ్ణి ఎక్కడ మొదలుపెట్టాలి?

మా రాప్తాడులో ఉడుము వీరుడు అనే సూపర్ హీరో కామిక్స్ నేను తప్ప ఎవరూ చదవరు. ఈ రోజు మా తోడికోడలు తనూ చదువుతానంటే సంబరపడి మొదటి పుస్తకం చేతికిచ్చాను. ఆమె దాన్ని పక్కనపెట్టి, అట్ట మీద వాన కురుస్తున్న ఆఖరి పుస్తకం తీసుకుంది.

"దాంట్లో వాడు సచ్చిపోతాడమ్మే!" అన్నాను.

"వాన పడతాండాది గదక్కా! ఈడ యాడ చూస్తాం?"

సాయంత్రం ఏడ్చిన కళ్లతో వచ్చి, మిగతావన్నీ పట్టుకుపోయింది. "ఎనక్కి చదువుకుంటా పోతానక్కా. నాకింక వాడు బతికే ఉంటాడు."

వరసగా చదివిన నాకు వాడు చచ్చిపోయి ఏళ్లయింది. ఆమెకేమో రోజురోజుకీ చిన్నవాడవుతాడు. కడుపు మండిపోతోంది.

మీరైతే ఎక్కడ మొదలుపెడతారు? మొదటి పుస్తకం నుంచి అనే బుద్ధిమంతులు మాత్రం వచ్చి నా పక్కన కూర్చుని ఏడవండి.