రేణుక చెప్పిన ఒకే ఒక్క కేసు

మా బ్యాచ్‌లో రేణుక చేతి దెబ్బ తిన్నవాళ్లు ముగ్గురు. ఒకడు ఇప్పుడు గుండె డాక్టరు, ఇంకొకడు బళ్లారిలో సెటిలయ్యాడు, మూడోవాణ్ని నేను. ఆ దెబ్బకు నా ఎడమ చెవిలో మూడు రోజులపాటు ధార్వాడ రేడియో వినిపించింది. వార్తలు, వ్యవసాయ సలహాలు, అన్నీ. మీరు నమ్మరు, నాకు తెలుసు. మరి ఆ ఏడాది ధార్వాడలో మిరపకు ఏ తెగులు పట్టిందో నాకెలా తెలిసిందంటారు?

నేను చదువు మానేశానని కొందరు చెప్పుకుంటారు. అనాటమీతో మూడేళ్లు కుస్తీ పట్టాను, చివరికి అదే అలిసిపోయి నన్ను వదిలేసింది. ఇంటికి పోయి ఏం చెప్పాలో తోచక ఆస్పత్రి గేటుకు ఎదురుగా జిరాక్స్ అంగడి పెట్టాను. డాక్టర్లయినవాళ్లకు తెలియని విషయాలు కూడా నా మెషీన్ కింద నుంచి పోయాయి. కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకే ఉంది.

రేణుకది పాలమూరు. వాళ్లమ్మ ఈరమ్మ కన్నడ దేశానికి వలసొచ్చి మారతహళ్ళిలో లేస్తున్న అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసేది. పిల్ల రేకుల షెడ్డులో పెరిగింది, సర్కారు బడిలో కన్నడంలో చదివింది, సర్కారు సీటుతోనే డాక్టరీలో చేరింది. ఇంట్లో పాలమూరు తెలుగు, వార్డులో కన్నడం. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుక మడత పడేది. 'ఇటుకల డాక్టరమ్మా' అని పిలిచినందుకే నా చెవిలో రేడియో మోగింది.

ఆ కాలేజీలో ఇంటర్నల్ మెడిసిన్ విద్యార్థి సంఘం అని ఒకటి ఉండేది. పేరుకు క్విజ్‌లు, ఉపన్యాసాలు. అసలు అధికారమంతా అరచేతంత చీటీలో ఉండేది. రోజూ సాయంత్రం ఐదింటికి ప్రొఫెసర్ భుజంగరావు గారు మగవాళ్ల వార్డులో క్లినిక్ పెట్టేవారు. ఒక విద్యార్థి ఒక రోగిని పరీక్షించి, జబ్బు ఎప్పుడు ఎలా మొదలైంది, నాడి ఎంత, కడుపు ఎలా ఉంది అని అందరి ముందూ చెప్పాలి. దాన్నే కేసు చెప్పడం అంటారు. ఎవరు చెప్పాలో చీటీ రాసేవాడు సంఘం కార్యదర్శి. ఒక్క కేసైనా చెప్పి, రికార్డు పుస్తకంలో ప్రొఫెసర్ సంతకం తీసుకోకపోతే ఫైనల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

రేణుకకు రెండేళ్లుగా ఆ చీటీలో పేరు పడలేదు. కిందటి ఏడాది ఆ కారణంగానే పరీక్ష పోయింది. భుజంగరావు గారిని అడిగితే, "అది మీ సంఘం వ్యవహారమమ్మా, మీరే తేల్చుకోండి" అన్నారు. ఈసారీ పోతే ఈరమ్మ ఇంకో ఏడాది ఇటుకలు మోయాలి. ఆమెకు అప్పటికే మెడ తిరగడం లేదు.

కార్యదర్శి పేరు కౌశల్. ఇల్లు బ్రూక్‌ఫీల్డ్‌లో, కాలేజీ హాకీ టీముకు కెప్టెన్. చీటీలో ముందు టీము, తర్వాత టీము స్నేహితులు, ఆ తర్వాత ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు. రెండేళ్లుగా అతనికి పోటీ నిలబడిన నాథుడు లేడు. తొంభై ఎనిమిది ఆగస్టులో రేణుక నా అంగడికొచ్చి నామినేషన్ ఫారం జిరాక్స్ అడిగినప్పుడు కౌశల్ అక్కడే ఉన్నాడు.

"వాట్ ఈజ్ దిస్ రేణుకా, సెక్రటరీ పోస్టుకి నువ్వా?" అన్నాడు నవ్వుతూ. "ఫస్ట్ డయేరియా స్పెల్లింగ్ రాసి చూపించు."

"రాయనీకి రాకపోతేంది, తెప్పియ్యనీకి వస్తది," అంది రేణుక. "ఇప్పుడే కావాల్నా?"

అంగడి ముందున్న వాళ్లంతా గొల్లున నవ్వారు. కౌశల్ నవ్వలేదు. ఆ నవ్వుకు బదులు ఎవరు చెల్లించారో మరునాడు తెలిసింది.

నామినేషన్ మీద ఒక విద్యార్థి ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాలి. ప్రొద్దుటూరి మహబూబ్ బాషా పెడతానన్నాడు. హాకీ టీము వాళ్లు అతన్ని హాస్టల్ స్నానాల గదిలో పట్టుకున్నారు. ఇద్దరు గొంతు మీద కాళ్లు పెట్టారు, ఒకడు కుడిచెయ్యి గడప మీద ఆనించి పట్టుకున్నాడు, కౌశల్ తలుపు వేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. చూపుడువేలు, నడిమివేలు ఎండు పుల్లల్లా విరిగాయి. నేనా దారిన పోతూ ఆ చప్పుడు విన్నాను. ఇందులో నా మసాలా లేదు.

బాషా కట్టుతో నా అంగడికొచ్చి ఫారం అడిగాడు.

"చెయ్యి లేదు కదరా," అన్నాను.

"ఎడం చెయ్యి ఉండాది కదప్పా," అన్నాడు. చెమటలు కారుతుంటే కోడి గీకినట్టు సంతకం పెట్టాడు.

రేణుక ఆ సంతకం చూసి ఫారం మడిచి దాచుకుంది. తర్వాత మారతహళ్ళికి పోయి మేనమామను వెంటబెట్టుకొచ్చింది. అతని పేరు నర్సింహులు. పాలమూరు నుంచి దిగి అప్పటికి తొమ్మిది రోజులు. స్లాబుకు చువ్వలు వంచే పని. నర్సింహులు చేతులు చూస్తే చువ్వలే సిగ్గుపడి వాటంతట అవి వంగుతాయి. చువ్వలు వంచే ఇనుప పనిముట్టు, మూరెడు పొడవుది, నడుముకు దోపుకుని పనిలోంచి నేరుగా వచ్చాడు. కన్నడం ముక్క రాదు.

"మామా, నువ్వు ఎవ్వర్నీ ఏమనొద్దు. నా పక్కన ఊకె నిలబడు," అంది రేణుక.

"నాకేం పని బిడ్డా, పెద్దోళ్లు కొట్టమంటెనే కొడ్త," అన్నాడు నర్సింహులు.

నామినేషన్లు నాలుగు గంటల్లోపు మెడిసిన్ విభాగం కిటికీలో ఇవ్వాలి. కిటికీ దగ్గర కూర్చునేది పిల్లప్ప, ఖాకీ చొక్కా తొడుక్కున్న పాత బంట్రోతు. కాటన్‌పేట మనిషి, ఇంట్లో తెలుగే, కానీ ఆఫీసులో కంగారొస్తే కన్నడం దొర్లేది. రేణుక వరండాలోకి వచ్చేసరికి నాలుగుకు ఐదు నిమిషాలు. కౌశల్, అతని వెనుక హాకీ కర్రలతో నలుగురు, దారికి అడ్డంగా నిలబడ్డారు.

అక్కడ నేనూ ఉన్నాను. నలుగురినీ ఒంటిచేత్తో ఆపానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. నిజానికి ముగ్గురినే ఆపాను. నాలుగోవాడు నన్ను ఆపాడు, కర్రతో మోకాలి మీద. కిందపడి, మిగిలిందంతా బెంచీ కింద నుంచి చూశాను.

కౌశల్ ఫారం పట్టుకుని లాగాడు. రేణుక రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. ఒకడు ఆమె జడ పట్టి వెనక్కి గుంజాడు, మెడ విల్లులా వంగింది. ఇంకొకడు మోచేతి మీద కర్రతో కొట్టాడు. ఆమె అరవలేదు, కౌశల్ మణికట్టు కొరికింది. నర్సింహులు అప్పటికీ చెప్పిన మాట తప్పకుండా పక్కన నిలబడే ఉన్నాడు. కిటికీలోంచి పిల్లప్ప గడియారం చూసి, చెయ్యి బయటికి చాచి గొంతు చించుకున్నాడు:

"కొట్‌బిడు! కొట్‌బిడు!"

కన్నడంలో ఆ మాటకు 'ఇచ్చెయ్యి' అని అర్థం. ఫారం ఇచ్చెయ్యమ్మా, టైమవుతోంది అని పాపం ఆయన బాధ. పాలమూరు చెవికి మాత్రం అది ఇంకోలా వినబడింది. 'కొట్టు, బిడ్డా!' ఖాకీ చొక్కా సర్కారు మనిషి, పెద్దాయన, కొట్టమని హుకుం ఇచ్చాడు. పిల్ల చేతులేమో ఖాళీ లేవు. కాబట్టి నర్సింహులు కొట్టాడు.

ఇనుము కౌశల్ ఎడమ పక్కటెముకల కింద దిగింది. తడి గోనెసంచి నేలమీద పడ్డ చప్పుడు. కౌశల్ మోకాళ్ల మీద కూలాడు. మరుక్షణం నాలుగు కర్రలూ నర్సింహులు మీద పడ్డాయి. నెత్తి పగిలి, కన్నూ మీసం ఒకటే రంగయ్యాయి. అతను ఒక కర్ర లాక్కుని మోకాలికి వేసి విరిచాడు, ఇంకొకణ్ని గోడకేసి కొడితే పన్ను రాలింది. ఆ గోలలో రేణుక ఫారాన్ని కిటికీలో పెట్టింది. మూల మీద రక్తం మరక. పిల్లప్ప ముద్ర వేసి, "అయ్యో నా తల్లీ, నేను ఏం చెప్తి, ఏం అయిపాయె!" అన్నాడు.

కౌశల్ లేచాడు. చొక్కా దోపుకున్నాడు. తనవాళ్లతో మెల్లగా అన్నాడు, "నో వన్ విల్ టాక్. ఒక కూలివాడు కొట్టాడంటే నాకు ఓట్లు పడవు. నథింగ్ హ్యాపెన్డ్, ఓకే?"

రేణుక మామను క్యాజువాలిటీకి తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఏడు కుట్లు పడ్డాయి. ఐదింటికి, అలవాటు ప్రకారం, వార్డులో వెనుక వరుసలో నిలబడింది. కుంటుకుంటూ నేనూ పోయాను. ఓడినవాడి ముఖం చూడటం నాకు సరదా.

కౌశల్ మంచం ఊచ పట్టుకుని ముందు నిలబడ్డాడు. రంగు బూడిద. చీటీ చదవబోయి ఎడమ భుజం నొక్కుకున్నాడు. "నాకేం లేదు సార్, లంచ్ మిస్సయ్యాను," అన్నాడు, అంటూనే పడిపోయాడు.

"ఎండకు తిరిగి ఉంటాడు. గ్లూకోజ్ పెట్టండి," అన్నారు భుజంగరావు గారు. హాకీ వాళ్లు నేల చూస్తున్నారు. నోరు విప్పితే కర్రల సంగతీ, బాషా వేళ్ల సంగతీ బయటపడతాయి.

దెబ్బ సంగతి తెలిసి, అది ఎక్కడ తగిలిందో తెలిసి, ఆ భుజం నొప్పికి అర్థం తెలిసినది ఆ గదిలో రేణుక ఒక్కతే. చెబితే మామ జైలుకు, నామినేషన్ చెత్తబుట్టకు. చెప్పకపోతే గ్లూకోజ్ సీసా అయిపోయేలోపు పోటీదారుడే ఉండడు. తర్వాత నాతో అంది, "ఊకుందమనే అనుకున్న. పది లెక్కపెట్టిన. బాషా ఏళ్లు యాదికొచ్చి ఇంకో పది లెక్కపెట్టిన." ఇరవై అయ్యాక ముందువాళ్లను మోచేతులతో నెట్టుకుంటూ వచ్చింది. కౌశల్ నాడి పట్టుకుంది, కడుపు నొక్కి చూసింది.

"సార్, ఈ కేసు నేను చెప్తా."

"చీటీలో మీ పేరు లేదే?"

"చీటీ రాసినాయన కింద పడున్నడు సార్."

రేణుక తడబడని ఇంగ్లీషు నేను విన్నది ఆ ఒక్కరోజే. ఇరవై మూడేళ్ల యువకుడు. గంట కిందట ఎడమ పక్కటెముకల కింద ఇనుప పనిముట్టుతో ఒక దెబ్బ. నాడి నూట ముప్పై, చల్లని చెమట, ఎడమ భుజంలో నొప్పి, కడుపు బిగుసుకుంటోంది. ప్లీహం పగిలి లోపల రక్తం కారుతోంది. గ్లూకోజ్ కాదు సార్, ఆపరేషన్ థియేటర్.

భుజంగరావు గారు చొక్కా ఎత్తి చూశారు. అక్కడ నల్లగా కమిలిన మచ్చ. "కొట్టింది ఎవరు?" అని అడిగారు.

"మా మేనమామ. నర్సింహులు. క్యాజువాలిటీ బెంచీ మీద కూర్చున్నడు."

కడుపు కోస్తే రెండు లీటర్ల రక్తం. ప్లీహం రెండు ముక్కలు. కౌశల్ బతికాడు. పోలీసులు వచ్చేసరికి నర్సింహులు పారిపోకుండా మేనకోడలి కోసం చూస్తూ కూర్చునే ఉన్నాడు. బేడీలు వేస్తుంటే, "నా పేరు ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు.

"నేనే చెప్పిన మామా," అంది రేణుక.

అతను ఆమె వైపు చూశాడు. జీపెక్కాడు.

నామినేషన్ కొట్టేశారు, బయటి మనిషిని ఆయుధంతో తెచ్చిందని. కౌశల్ ఆస్పత్రి మంచం మీదే ఏకగ్రీవంగా గెలిచాడు. బాషా వేళ్ల గురించి ఎవరూ అడగలేదు. కౌశల్ రాసిన కొత్త చీటీల్లో కూడా రేణుక పేరు లేదు. ప్రాణం పోసినంత మాత్రాన మనిషి మారతాడని మీరనుకుంటే మీకు మెడికల్ కాలేజీలు తెలియవన్నమాట. కానీ ఆమె రికార్డులో ఒక కేసు ఉంది. రోగి పేరు: కౌశల్. కింద భుజంగరావు సంతకం. ఆ ఒక్క పేజీ చూపించి పరీక్షకు కూర్చుంది, పాసైంది. ఆ పేజీ జిరాక్స్ తీసింది నేనే, ఉచితంగా. నా జీవితంలో అదొక్కటే ఉచితం.

నర్సింహులుకు పదకొండు నెలల జైలు శిక్ష పడింది. నేనూ ఒకసారి రేణుకతో ములాఖత్‌కు పోయాను. జాలీకి అవతల నిలబడి అదే పాట: "సర్కారోడే కొట్టమన్నడు. జడ్జికి గూడ జెప్పిన, ఇనలే."

"అది కన్నడం మామా. కొట్‌బిడు అంటే ఇచ్చెయ్ అని," అంది రేణుక.

నర్సింహులు తల గోక్కున్నాడు. "అట్లనా? మరి నేను గూడ ఇచ్చిన గదనే. గట్టిగనే ఇచ్చిన." నేను పగలబడి నవ్వాను. వాళ్లిద్దరూ నవ్వలేదు.

విడుదల రోజు రేణుక హౌస్ సర్జన్ తెల్లకోటుతోనే డ్యూటీ నుంచి నేరుగా జైలు గేటుకు పోయింది. స్కూటర్ మీద దించింది నేను. నర్సింహులు బయటికొచ్చాడు. చిక్కాడు, జుట్టు నెరిసింది, చేతులు మాత్రం అవే. ఆమె సంచి అందుకోబోయింది. అతను సంచి కింద పెట్టి, సెంట్రీలు చూస్తుండగా ఆమె చెంప మీద ఒక్కటి కొట్టాడు. రేణుక రెండడుగులు పక్కకు పోయింది. నేను ముందుకు దూకబోయి, మోకాలు గుర్తొచ్చి ఆగాను.

"మామ పేరు చెప్పినందుకు," అన్నాడు నర్సింహులు.

"మళ్లీ అట్లనే అయితే మళ్లీ చెప్త," అంది రేణుక, చెంప పట్టుకోకుండా.

అతను సంచి తీసి ఆమె చేతికిచ్చాడు. మారతహళ్ళి బస్సొచ్చింది. ముందు ఆమె ఎక్కింది, వెనుక అతను ఎక్కాడు. కిక్కిరిసిన బస్సులో ఎవడో ఆమెను తోశాడు. నర్సింహులు వాడి కాలరు పట్టుకుని పైకెత్తుతుంటే, "మామా, ఇడువు," అని రేణుక అరవడం నాకు రోడ్డు మీదికి వినిపించింది.

బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. అతను విడిచిపెట్టాడో లేదో నాకు తెలియదు.