శాసనంలో చెరిగిన పేరు

శ్రీనివాసునికి కోటి దండాలు. మనం మరిచిపోయిన వాళ్ళను సైతం మరువని ఆ పెరుమాళ్ళ దయను తలుచుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా చిన్నప్పుడు చిత్తూరులో ఒక చిన్న మ్యూజియం ఉండేది. రెండు గదులు, ఇరవై కుర్చీలు, వరండాలో పాత రాళ్ళు. నెలకొక ఆదివారం సాయంత్రం మా తాతయ్య అక్కడ చుట్టుపక్కల ఊళ్ళ చరిత్ర చెప్పేవారు. ఆయన బడిపంతులుగా పనిచేసి, గుడిలో పాశురాలు చదివే గోష్ఠికి కూర్చునే మనిషి. ఆ వేసవిలో మా అవ్వ పోయింది. నేను ఆమె పక్కన పడుకునే చాప అప్పటినుంచి మూలన చుట్టే ఉంది. ఇంట్లో ఎవరూ ఆమె పేరు ఎత్తలేదు.

ఇంకొక్కసారి కుర్చీలు ఖాళీగా ఉంటే ప్రసంగాలు ఆపేస్తామని మ్యూజియం వాళ్ళు తాతయ్యకు చెప్పారు. ఆ ఆదివారం నేను గుమ్మంలో నిలబడి రోడ్డువైపే చూశాను. ఎవరూ రాలేదు.

"తలుపులేసేద్దామా సామీ? అందురూ సినిమాకు పోయినారు," అన్నాడు కాపలాదారు.

"నువ్వుండావు గదప్పా," అన్నారు తాతయ్య.

"నేనుండి ఏం లాభం సామీ, మీరు మొదులుపెట్టంగానే నాకు నిద్రొస్తాది!"

అవ్వ పోయాక తాతయ్య నవ్వడం అదే మొదటిసారి. నన్ను పిలిచి ఎదురు కుర్చీలో కూర్చోబెట్టారు. గోష్ఠిలో రెండు వరసలు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక వరస పాశురంలో ఒక పాదం చెబితే రెండోది తర్వాతి పాదం అందుకుంటుంది. గుడిలో ఆడపిల్లకు ఆ వరసలో చోటు లేదు. ఆ రోజు రెండో వరస నేనే.

మా మధ్య బల్లమీద, బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలో దొరికిన రాతి శాసనం అచ్చు పరిచారు. రాతికి తడి కాగితం అంటించి, నల్లసిరా అద్ది ఆయనే తీసిన అచ్చు. గుడిలో నిత్యదీపానికి కావలసిన నేతికోసం ఒక ఇల్లాలు ఆవులనిచ్చిన సంగతి అందులో ఉంది. నాకోసం పక్కనే ఇప్పటి అక్షరాల్లో రాసిపెట్టారు. ఆయన ఒక పంక్తి, నేను ఒకటి చదువుతూ పోయాం.

నాలుగో పంక్తి నాది. ఆ ఇల్లాలి పేరుండాల్సిన చోట రాయి పెచ్చూడింది. అచ్చులో తెల్లమచ్చ పడింది. గోష్ఠిలో మధ్యలో ఆగడం తప్పు అని విని పెరిగినదాన్ని. ఆగకుండా అక్కడ మా అవ్వ పేరు చదివేశాను.

తాతయ్య వేలు కాగితం మీదే నిలిచిపోయింది. దాన్ని తెల్లమచ్చ మీదికి జరిపి, "అది ఆయమ్మ సోటు తల్లీ. ఇంకొకర్ని కూసోబెట్టగూడదు. మీ అవ్వను తలుసుకునేదానికి మనమిద్దరం వుండాము. ఆయమ్మకు ఎవురుండారు? పేరు సదివేంత సేపు వూరకుండు. ఆ పేరు పెరుమాళ్ళకు తెలుసు," అన్నారు.

ఇద్దరం ఊరుకున్నాం. కాపలాదారు తలగుడ్డ తీసి నిలబడ్డాడు. తర్వాత శాసనం చివరిదాకా చదివాం. ఇంటికి నడుస్తూ తాతయ్య మెల్లగా, తనకు తానే, అవ్వ పేరు పలికారు.

అదే ఆయన చివరి ప్రసంగం.

ఇన్నేళ్ళకు ఆ మ్యూజియంలో మళ్ళీ ప్రసంగాలు పెడుతున్నారు. పోయిన నెల నన్ను పిలిచారు. వచ్చినవాళ్ళు నలుగురు. ఎలా జరిగిందో ఇంటికి వెళ్ళి చెప్పుకోవడానికి నాకు ఒక్కరూ లేరు. ఆ శాసనమే చదివాను. తెల్లమచ్చ దగ్గర ఆగాను. మైకు పోయిందేమోనని ఒకాయన లేచి దాన్ని తట్టాడు. నేను మాత్రం ఒక పేరు పట్టేంత సేపు ఊరుకున్నాకే తర్వాతి పంక్తి అందుకున్నాను.

ఈ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మీరూ నాతోపాటు అంతసేపు ఊరుకోండి. ఆపైన ఇలా వేడుకుందాం: స్వామీ, మాకు పేరు తెలియని వాళ్ళను నీ గోష్ఠిలో కూర్చోబెట్టుకో.