జుబేదా చేతి టీకా

ఏ.ఎస్. రావు నగర్‌లో మనవరాలికి టీకా వేయిస్తుంటే స్పిరిట్ వాసన తగిలి, నా చేయి దానంతటదే భుజం మీది పాత మచ్చను తడిమింది.

నిజాం పాలన కూలి, పోలీస్ యాక్షన్ అయిన చలికాలం. బడిలో వేసిన మశూచి టీకాకు నా చేయి వాచి, చీము పట్టి, జ్వరం వచ్చింది. టీకావాళ్లే రోగం అంటించారని నమ్మాను. వారం తర్వాత వాళ్లు బోయిన్‌పల్లిలో మా గల్లీకీ వచ్చారు. పక్కింటి జుబేదా వాళ్లమ్మ ముస్లింల మీద దాడులు జరిగిన ఆ రోజుల్లో భయంతో గడప దాటేది కాదు.

“జెర నువ్వే తోల్కపో బిడ్డా. నీ ఎంబడి అయితే నాకు ఫికర్ లేదు” అని జుబేదాను నాకు అప్పజెప్పింది.

జుబేదా చేతిని గీరి మందు పూశారు. అది ఆరకముందే నల్లా దగ్గరికి లాక్కుపోయి రుద్ది రుద్ది కడిగాను.

“ఎవ్వరికీ చెప్పకు. గిట్ల కడిగితే బుఖార్ రాదు.”

నిజంగానే రాలేదు. ఎంత గర్వపడ్డానో!

ఎండాకాలంలో జుబేదాకు మశూచి సోకింది. బతికింది కానీ ఒక కన్ను పోయింది.

“టీకా సుత పనిచెయ్యలే, మా నసీబ్” అని వాళ్లమ్మ ఏడుస్తుంటే నేను తలుపు చాటున నిలబడ్డాను.

నా ఒళ్లు మశూచితో పోరాడటం నేర్చుకున్నది ఆ జ్వరంలోనేనని పెద్దయ్యాక చదివాను.

“పాపకు కొంచెం జ్వరం రావచ్చు” అంది డాక్టరమ్మ.

“రానివ్వండి” అన్నాను.

జుబేదా ఇప్పటికీ ఎవ్వరికీ చెప్పలేదు.