చప్పుడు లేని పెట్టె

మా బావ చెవితో రిపేర్లు చేసే మనిషి. పాడైన కంప్యూటరు బల్ల మీదికి రాగానే అందరిలా మూత విప్పడు. స్క్రూడ్రైవరు మొన పెట్టెకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. ఫ్యాను బేరింగు అరిగిందంటాడు, లేదా దీనికేం రోగం లేదు, యజమానికే తొందరెక్కువ అంటాడు. వీధిలోవాళ్ళు ఆయనకి స్టెతస్కోపు అని పేరు పెట్టారు. షాపులో పని ఆయనది, నోరు నాది. మా అక్కని ఆయనకిచ్చి చేసిన దగ్గర్నుంచీ ఇదే ఏర్పాటు.

అక్క కంటి ఆసుపత్రిలో టోకెన్లు పిలిచేది, మైకు లేకుండానే. చుక్కల మందు వేయించుకుని కళ్ళు మసకబారి కూర్చున్నవాళ్ళు ఆ గొంతుని పట్టుకునే లేచి నడిచి వచ్చేవారు. ఇంటికొస్తే అదే గొంతు నా మేనకోడలికి కథలు చెప్పేది. పుస్తకాల్లో కథలు కావు, అక్క అల్లినవి. చెప్పులు పారేసుకున్న ఏనుగు, పళ్ళు తోముకోనని అలిగిన మొసలి. అవి వినకపోతే పిల్లకి నిద్ర పట్టదు. ఎప్పుడైనా నేను చెప్పబోతే, ఏనుగు అలా మాట్లాడదు మామయ్యా అని తప్పు పట్టేది.

ఆ గొంతులో పుండు లేచింది. డాక్టరు మెత్తగానే చెప్పాడు గానీ, చెప్పింది మెత్తని మాట కాదు. స్వరపేటిక తీసేయాలి, ఊపిరికి మెడ దగ్గర రంధ్రం పెడతారు, ప్రాణం నిలుస్తుంది, మాట పోతుంది. ఆపరేషనుకి నెల గడువిచ్చి, అంతదాకా గొంతుకి పని తగ్గించమన్నాడు.

అక్క ఇంటికొచ్చి ఏడవలేదు. కథలన్నీ కంప్యూటర్లో రికార్డు చేసి పెడతాను, నేను మాట్లాడలేని రోజున పిల్ల వాటిని వింటుంది అంది. ఆవిడ అడిగింది అదొక్కటే.

బావ మంచి మైకు తెచ్చాడు. అక్క నాలుగు మాటలు చెప్పింది. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని మొహం చిట్లించాడు. మాటకీ మాటకీ మధ్య సన్నగా ఒక ఝుంకారం ఉందన్నాడు. నేనూ విన్నాను. నాకు అక్క గొంతే వినిపించింది.

ఇంట్లో కంప్యూటర్లోని మిగతా ఫ్యాన్లన్నీ ఆయన ఎప్పుడో పీకేశాడు. లోపలి చిప్పుని నీళ్ళ గొట్టాలే చల్లబరుస్తాయి. నీళ్ళు తిప్పే పంపుని కిటికీ అవతల, బాల్కనీలో పెట్టాడు. మిగిలింది పవర్ సప్లై ఒక్కటే. గోడలోంచి వచ్చే కరెంటుని కంప్యూటరుకి తగ్గట్టు మార్చే ఇనప డబ్బా అది. దాని ఫ్యాను దానిలోనే ఉంటుంది. దానికీ నీళ్ళ గొట్టాలు వేసి ఆ ఫ్యాను కూడా తీసేస్తానన్నాడు.

పవర్ సప్లైని నీళ్ళతో చల్లబరచడం అవసరమా అని ఇప్పటికీ కుర్రకారు షాపుకొచ్చి అడుగుతారు. అక్కర్లేదు బాబూ అంటాను. దాన్లో పుట్టే వేడి ఎంతని? కాస్త పెద్ద సైజుది కొనుక్కుంటే చిన్న పనికి దాని ఫ్యాను తిరగనే తిరగదు. పైగా లోపలి రేకుల్లో గోడ కరెంటు పారుతుంటుంది. తీగ పీకేసినా కాసేపటిదాకా షాకు కొడుతుంది. అలాంటిదాని ఒళ్ళోకి నీళ్ళు పంపడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, అదీ మన చేతిలోనే పేలే అస్త్రం. ఇదంతా బావ దగ్గర నేర్చుకున్నదే. ఎన్నో ఏళ్ళుగా ఆయన ఊరందరికీ చెప్పిన మాటే.

కంప్యూటరుని పక్కగదిలో పెట్టి మైకు వైరు పొడుగు చేద్దామన్నాను. పొడుగు వైరు ఎక్కడెక్కడి రొదనో లాక్కొస్తుందన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీళ్ళ గొట్టాన్ని బాల్కనీ దాకా లాగావు కదా బావా, వైరు లాగలేవా?"

ఆయన గొట్టం కొలుచుకోసాగాడు. సరే, ఫోన్లోనైనా చెప్పనీ అన్నాను. ఫోన్లో పడేది గొంతు కాదు, గొంతు నీడ అన్నాడు. అక్కని కూడా వారించాడు. ఉన్న గొంతుని వృథా చేసుకోవద్దు, పెట్టె సిద్ధమయ్యాక అన్నీ ఒక్కసారే చెబుదువుగాని అన్నాడు. డాక్టరు మాట కూడా అదే కాబట్టి అక్క నోరు మూసుకుంది. ఉద్యోగానికి సెలవు పెట్టింది. పిల్లకి కథలు మానేసింది. దాచిపెట్టుకుంటే వడ్డీతో సహా దక్కుతుందన్నట్టు మాట దాచుకుంది. నువ్వు చెప్పేయవే అక్కా అని నేను పోరితే చెవి దగ్గరికొచ్చి, "ఆయన ఇంకేం చేయగలరురా, అదొక్కటైనా చేయనీ" అంది.

నాకు అప్పుడు అర్థమైంది. బావకి భయం. ఇంటికెళ్ళి భార్య ఎదురుగా చేతులు ముడుచుకు కూర్చోవడం కంటే, షాపులో కూర్చుని, కరెంటు గొట్టాలకి పాకకుండా రేకులకి అభ్రకం ముక్కలు కోసి అతికించడం తేలిక. ఆయన మీద జాలి కలిగింది. జాలి కంటే కోపమే ఎక్కువ కలిగింది.

అంతా బిగించి స్విచ్చి వేసిన రోజున గొట్టం అతుకులోంచి ఒక్క చుక్క జారింది. ఫట్టుమని పేలి పవర్ సప్లై, దాంతోపాటు లోపలి బోర్డు, అక్క ముందు చెప్పిన నాలుగు మాటలున్న డిస్కూ కాలిపోయాయి. ఇల్లంతా కమురు వాసన. అక్క దగ్గింది. ఇక చాలు బావా అని చేతులు పట్టుకున్నాను. తప్పు ఎక్కడుందో తెలిసింది, ఇంకొక్క వారం అన్నాడు.

ఆ వారం ఆయన అన్నంత పనీ చేశాడు. కాలినవాటి స్థానంలో కొత్తవి వేశాడు, ఫ్యాను తీసేశాడు, చుక్క జారలేదు, డబ్బా వేడెక్కలేదు. స్క్రూడ్రైవరు ఆనించి విని, తల ఎత్తి నవ్వాడు. కంప్యూటరు నడుస్తోందని దీపం చూసి తెలుసుకోవాల్సిందే. ఆయన చేతిలో అంత గొప్ప పని అంతకుముందు జరగలేదు.

అక్క మైకు ముందు కూర్చుంది. "అనగనగా ఒక ఏనుగు" అంది. ఎవరో చీపురుతో నేల గీకినట్టు వచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ వారంలో పుండు ఎంత పెరిగిందో, మాట్లాడని మనిషిలో ఎవరికి తెలుస్తుంది? అయినా మానలేదు. ఆగి, నీళ్ళు తాగి, గుక్కగుక్కకీ పక్కటెముకలు పట్టుకుని ఏనుగు కథ ఒక్కటి పూర్తి చేసింది. మొసలి దాకా వెళ్ళలేకపోయింది. బావ ఆ పూటంతా హెడ్‌ఫోన్లు తీయలేదు. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు గడువు దాకా ఆగకుండా ఆపరేషను ముందుకు జరిపాడు.

ఆపరేషనయ్యాక అక్క మెడకి గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చింది. తల్లి దగ్గరికి రావడానికి పిల్ల మొదట జంకింది, తర్వాత అలవాటు పడింది. ఒక సాయంత్రం కథ కావాలని మారాం చేస్తే, బావ ఒళ్ళో కూర్చోబెట్టుకుని రికార్డు పెట్టాడు. గదిలో ఇంకే చప్పుడూ లేదు. గీరుకుపోయిన ఆ గొంతు, మధ్యమధ్య ఎగశ్వాస, అన్నీ స్పష్టంగా వినిపించాయి. బావ నా వైపు తిరిగి, "వెనకాల ఏమైనా రొద ఉందా?" అని అడిగాడు. లేదన్నాను.

పిల్ల కాసేపు విని తండ్రి చొక్కా పట్టుకుంది. "ఇది ఎవరు నాన్నా? అమ్మని పెట్టు."

అమ్మేనమ్మా అన్నాడు బావ. పిల్ల నమ్మలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్కని చూసి అడిగింది.

"అమ్మా, ఇది నువ్వా?"

అక్క బావ వైపు చూడలేదు. పిల్ల కళ్ళలోకి చూస్తూ, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.