ఓ నెగెటివ్, అరుగు మీది గ్లాసు

పుంగనూరు దగ్గర మా అత్తవారింట్లో నాకని వేరే స్టీలు గ్లాసు ఉండేది, అరుగు మీది గూట్లో. నేను మదనపల్లెలో ఆసుపత్రి కాంపౌండులో పుట్టి పెరిగిన క్రైస్తవుల పిల్లను. వాళ్ళబ్బాయి నన్ను ఇష్టపడి చేసుకున్నాడు. కొడుకును వదులుకోలేక మా అత్త నన్ను అరుగుదాకా రానిచ్చింది గానీ వంటింటి గడప తొక్కనివ్వలేదు. మూడేళ్ళు ఆ గ్లాసులోనే నీళ్ళు తాగాను. తాగిన ప్రతిసారీ ఒళ్ళు మండేది.

మా ఆడబిడ్డను కుప్పంలో ఇచ్చారు. తొంభైల్లో ఆమె తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ బాగానే పుట్టింది, తల్లికి మాత్రం రక్తం కట్టలేదు. మదనపల్లె ఆసుపత్రికి తెచ్చేసరికి పెదాలు తెల్లబడ్డాయి. వెంటనే రక్తం ఎక్కించకపోతే దక్కదన్నాడు డాక్టరు.

మా అత్త జీపు పంపింది. మేనమామలు, పెద్దపంజాణి నుంచి చిన్నాన్న కొడుకులు, అందరూ దిగారు. సొంతవాళ్ళ నెత్తురు ఎందుకు కలవదని ఆమె ధీమా. బయటివాళ్ళది వద్దని డాక్టరుకు ముందే చెప్పేసింది కూడా.

ఆడబిడ్డది ఓ నెగెటివ్. ఆ గ్రూపువాళ్ళు ఎవరికైనా ఇవ్వొచ్చు, పుచ్చుకోవడం మాత్రం ఓ నెగెటివ్ వాళ్ళ దగ్గరేనని ల్యాబు పెద్దాయన విడమరిచి చెప్పాడు. కన్నతల్లిది ఏ, మా ఆయనది బీ, మరిదిది ఏబీ. ఆడబిడ్డ రక్తం మీద తేరిన నీటిలో వాళ్ళ చుక్కలు కలిపితే గాజుపలక మీద పాలు విరిగినట్టు విరిగాయి. ఒక మేనమామది ఓ గ్రూపే, కానీ పాజిటివ్. మా అత్త నమ్మలేక రెండోసారి వేలు గుచ్చమంది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు.

నా గ్రూపు నాకు తెలుసు. చర్చి పిల్లలతో ఒకసారి రక్తదానానికి వెళ్ళినప్పుడు ఇచ్చిన కార్డు పర్సులోనే ఉంది. ఓ నెగెటివ్. తీసి బల్ల మీద పెట్టాను.

మా అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. మూడేళ్ళలో ఆమె నన్ను తాకడం అదే మొదలు.

"నా బిడ్డకు నీ నెత్తురు వద్దు," అంది.

"నీ బిడ్డ ఆడ సచ్చిపోతాండాదత్తా. నన్ను బయట నిలబెట్టేదానికి ఇది నీ ఇల్లు కాదు," అని చెయ్యి విడిపించుకున్నాను.

కాగితం మీద సంతకం మా ఆయన పెట్టాడు, తల్లి మొహం చూడకుండా. నా చుక్క విరగలేదు. మంచమెక్కి చెయ్యి చాపాను. దయతో ఇచ్చానంటే నేనొప్పుకోను. ఆడబిడ్డంటే నాకు ప్రాణమే, కానీ ఆ రోజు పంతమూ అంతే ఉంది. సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచింది.

బిడ్డకు పేరు పెట్టే రోజు వెళ్ళాను. మా అత్త గూట్లోంచి అదే గ్లాసు తీసి నీళ్ళు పోసింది. నేను తాగకుండా పక్కన పెట్టాను.

ఆడబిడ్డ బిడ్డను ఎత్తుకొని వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. "మా, నాకూ దాంట్లోనే పొయ్యి. వదిన నెత్తురే నా ఒంట్లో ఉండాది. నేను మాత్రం యాల లోపల తాగాల?"

మా అత్త చెంబు పట్టుకొని గడపలో నిలబడిపోయింది. నేను గ్లాసులో నీళ్ళు అరుగు కింద పారబోశాను. ఆ గ్లాసే తీసుకొని, ఆమెను దాటుకొని వంటింట్లోకి పోయాను. కుండలో ముంచి కడుపునిండా తాగాను. మళ్ళీ ముంచి ఆడబిడ్డకు తెచ్చిచ్చాను.