నన్నెవరూ దాటి వెళ్ళలేదు

కిందటేడు నవంబరు నెల, రెండో సోమవారం, పొద్దున్న ఏడు గంటల నలభై నిమిషాలకి కాలవ వంతెన ఎక్కుతూ సైకిలు దిగిపోయాను. దిగాలని దిగలేదు. కాళ్ళు ఆగిపోయాయి. ఊపిరి సగం దాకా వచ్చి అక్కడే నిలబడింది.

నలభై ఏళ్ళుగా తొక్కుతున్న దారి అది. మా ఊరు పెదపాడు అవతల. అక్కణ్ణించి ఏలూరులో నేను పనిచేసే గోనెసంచుల కొట్టుకి పన్నెండు కిలోమీటర్లు. చిరిగిన సంచులు కుడతాను. వయసు అరవై ఆరు. యాభై రెండో ఏట మా చర్చిలో పాస్టరమ్మగారు నాకు అక్షరాలు నేర్పారు. అందుకని దీన్లో తప్పులుంటే ఉంటాయి. అబద్ధాలు లేవు.

రోజూ మేం నలుగురం సైకిళ్ళ మీద వరసగా వెళ్తాం. ముందు నేను. నా వెనక ఏసురత్నం, హాస్టల్లో వంట చేస్తాడు, నాకంటే ఆరేళ్ళు చిన్న. తరవాత నాగమణి, స్కూల్లో ఆయా. ఆఖర్న ప్రసాదు, టైల్స్ మేస్త్రీ, ఇద్దరు పిల్లల తండ్రి. మాలో ఒక పద్ధతి ఉంది. వరసలో పెద్దవాడు ముందుంటాడు. అతన్ని దాటి ఎవరూ తొక్కరు. ఎవరూ పెట్టిన రూలు కాదు. మర్యాద.

"ఏం బాబాయ్, చైను పడిందా?" అంది నాగమణి.

"కాదు. సైకిలే బరువుగా ఉంది" అన్నాను.

"బేరింగులు పోయుంటాయండీ అన్నయ్యా, గ్రీజు పెట్టించండి" అన్నాడు ఏసురత్నం. ప్రసాదు ఫోను తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

నాకూ అదే నిజమనిపించింది. మూడు వారాలు సైకిలుకి వైద్యం చేయించాను. బేరింగులు, చైను, రెండు టైర్లు మార్పించాను. "ఇంక మీరు తొక్కక్కర్లేదండీ, ఎక్కి కూర్చోండి, అదే ఏలూరు పోతుంది" అన్నాడు సైకిలు షాపతను. పోలేదు. వంతెన దగ్గర రోజూ దిగి నెట్టుకుంటూనే ఉన్నాను.

డిసెంబర్లో మా ఆవిడ మరియమ్మ నా కాళ్ళు చూసింది. "ఏవండీ, ఈ వాపేంటి? వేలితో నొక్కితే గుంట పడుతోంది." రోజంతా నిలబడితే అంతేలే అన్నాను. ఆవిడ వినలేదు. మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ప్రసాదు పని మానుకుని తోడొచ్చాడు.

ఈసీజీ తీశారు, ఎక్స్ రే తీశారు, ఎకో చేశారు. డాక్టరమ్మ కాగితాలు చూసి అడిగింది. "రోజూ సైకిలు తొక్కుతారా? పన్నెండు కిలోమీటర్లకి ఎంతసేపు పట్టేదండీ?"

"యాభై నిమిషాలండి."

"ఇప్పుడు?"

"అంతేనండి."

"కాదండీ డాక్టరుగారూ" అన్నాడు ప్రసాదు. "గంటా ఇరవై."

నాకు ఒళ్ళు మండింది. "ఏరా, నా గడియారం నీ దగ్గరుందా?" అన్నాను.

వాడు తల వంచుకుని ఫోను తీశాడు. ఏ రోజు ఎంత దూరం వెళ్ళాడో, ఎంత వేగంతో వెళ్ళాడో ఆ ఫోను రాసుకుంటుందట. వాడు నా వెనకే కాబట్టి వాడి వేగమే నా వేగం. ఎండాకాలం మొదట్లో గంటకి పద్నాలుగు కిలోమీటర్లు. వానలు పడేటప్పటికి పన్నెండు. దసరాకి పది. వంతెన దగ్గర దిగిన నాడు తొమ్మిది.

"మరి నేనెప్పుడూ కొట్టుకి ఆలస్యంగా వెళ్ళలేదే?"

"అరగంట ముందు బయల్దేరుతున్నాం కదండీ" అన్నాడు. "హాస్టల్లో టైము మారిందని ఏసురత్నంగారు చెప్పారు చూశారూ, అది అబద్ధం. మీరు నొచ్చుకుంటారని."

డాక్టరమ్మ ఆ ఫోను చాలాసేపు చూసింది. "పెద్దాయనా, మీ కేసు షీటు ఇదేనండీ. మీరు ఇక్కడికి రాకముందే రాసుంది" అంది. తరవాత విషయం చెప్పింది. నాకు ఎప్పుడో హార్ట్ ఎటాక్ వచ్చి పోయింది. నాలాగా షుగరున్నవాళ్ళలో కొందరికి నొప్పి తెలియదట. గుండె పంపింగ్, వాళ్ళు ఈఎఫ్ అంటారు, మామూలుగా అరవై శాతం దాకా ఉండాలి. నాకు ఇరవై ఐదు.

విజయవాడ తీసుకెళ్ళి యాంజియో చేయించారు. అక్కడి డాక్టరు మొహమాటం లేని మనిషి. "మూడు బ్లాకులు. కండ చచ్చిపోయింది. స్టెంట్ వేసినా చచ్చిన కండ లేవదు" అన్నాడు.

"ముందే వచ్చుంటేనండీ?" అని అడిగింది మరియమ్మ.

"ముందే వచ్చుంటే వేరే మాట మాట్లాడుకునేవాళ్ళం."



సైకిలు వేగం గురించి నాకు తెలిసింది చెప్తాను. టీ కొట్టు దగ్గర అందరూ ఇరవైలో తొక్కుతాం అంటారు. ఉత్త కబుర్లు. మధ్యలో పదహారు, పదిహేడు వస్తుంది, నిజమే. కానీ రైలు గేటు పడుతుంది, గేదెలు అడ్డమొస్తాయి, చేపల లారీ నీళ్ళు కార్చుకుంటూ పోతే రోడ్డు జారుతుంది. ఇంటి గుమ్మం నుంచి పని గుమ్మానికి లెక్కేస్తే మంచి వయసు వాడికీ పద్నాలుగే. అరవై దాటితే కొందరికి పన్నెండు. అందులో సిగ్గేమీ లేదు. సాయంత్రం కొల్లేటి గాలి ఎదురొస్తే ఇంకోటి తగ్గుతుంది. కానీ పొద్దున్న గాలి వెనకనుంచి తోస్తుంటే కూడా తొమ్మిదంటే, అది సైకిలు తప్పు కాదు.

ఆరు రకాల మాత్రలిచ్చారు. రోజుకి ఒకటిన్నర లీటరు నీళ్ళు, అంతే. ఉప్పు తగ్గించమన్నారు. పచ్చళ్ళు, ఎండు చేపలు బంద్. మార్చి దాకా బాగానే ఉన్నాను. వాపు తీసింది. మళ్ళీ తొక్కుతాననుకున్నాను. ఏప్రిల్లో నోరు చచ్చిపోయి వంకాయ, ఎండు రొయ్యల కూర వండించుకుని రెండు రోజులు తిన్నాను. దాహమేసి నీళ్ళు తాగాను. మూడో రోజుకి ఊపిరితిత్తుల్లో నీరు. నాలుగు రోజులు ఐసీయూ, మొహానికి మాస్కు. తిన్నది నేను. ఎవరి మీదా పెట్టను.

మళ్ళీ ఎకో తీస్తే ఇరవై.

"పెరగదా అమ్మా?" అన్నాను.

"ఇక పెరగడం సంగతి కాదండీ. ఇంకా పడిపోకుండా చూసుకోవాలి."

"సైకిలు?"

"వద్దండీ."

కొట్టు మానేశాను. ఇంటి నుంచి ఊరి చివర కల్వర్టు దాకా నడుస్తాను, మధ్యలో రెండుసార్లు ఆగుతాను. అక్కడ కూర్చుంటాను. పొద్దున్నే వరస వెళ్తుంది. ఇప్పుడు ముందు ఏసురత్నం. మొన్న ప్రసాదు ఆగి ఫోను చూపించాడు. పదకొండు. పోయిన నెల పదమూడు.

ఏసురత్నాన్ని ఆపి ఈసీజీ తీయించుకోరా అన్నాను. "మీకు జబ్బు చేసిందని ఊరందరికీ అంటగడతారేంటండీ అన్నయ్యా! గాలండీ, గాలి" అని నవ్వేశాడు. ఆ గాలి వాడి వీపు మీదే ఉంది.

నాగమణితో అన్నాను. "నువ్వైనా దాటి వెళ్ళవే అమ్మా."

"ఎలా వెళ్ళనండీ బాబాయ్, ఆయన నొచ్చుకుంటారు" అంది. ఈ వారం నుంచి పది నిమిషాలు ముందే బయల్దేరుతున్నారు. స్కూలు టైము మారిందట.

చదివేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. మీ వరసలో పెద్దవాడుంటే దాటి వెళ్ళండి. దాటి, ముందుకెళ్ళి సైకిలు ఆపి, ఎందుకు వెనకబడ్డారని మొహం మీద అడగండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఆయన్ని సైకిలు షాపుకి కాదు, ఈసీజీకి తీసుకెళ్ళండి. నాకు ఇది పనికిరాదు. ఏసురత్నానికీ పనికొచ్చేలా లేదు.

ఆ సోమవారం వంతెన దగ్గర ఉన్నవాళ్ళు: దానియేలు అనే నేను. నా వెనక బ్రేకు మీద చెయ్యి వేసుకుని ఏసురత్నం, బ్రేకు మీద చెయ్యి వేసుకుని నాగమణి, బ్రేకు మీద చెయ్యి వేసుకుని ప్రసాదు.